శిథిలాల పునర్జన్మ

పాఠ్యాంశ ఉద్దేశం

కూల్చిన కట్టడాల శిథిలాలను కంకరగా మార్చి కొత్త కాంక్రీటులో వాడే పద్ధతి నేడు అనేక దేశాలలో వ్యాప్తిలోకి వస్తున్నది. అటువంటి కాంక్రీటు ఎంతకాలం మన్నుతుంది, దానిని లోలోపల క్షీణింపజేసే రసాయనిక చర్యలేవి, వాటికి నివారణ మార్గాలేమిటి అన్న విషయాలను విద్యార్థులకు తెలియజేయడం, ప్రకృతి వనరుల పొదుపుతోపాటు కట్టడాల భద్రత పట్ల బాధ్యతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నది తెలుగువారి సామెత. ఇల్లు కట్టడంలోని కష్టమంతా ఆ నాలుగు మాటలలో ఇమిడి ఉన్నది. ఇల్లు కూల్చడంలోని కష్టాన్ని గురించి మాత్రం మన పెద్దలు ఏ సామెతా చెప్పినట్లు కనబడదు. బహుశా వారికి ఆ అవసరం అంతగా కలగలేదేమో! మట్టిగోడ కూలితే ఆ మన్ను మళ్లీ మన్నులో కలిసిపోయేది. పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు, గుమ్మాలు కొత్త ఇంటికి తరలిపోయేవి. పునాది రాళ్లు మరొక పునాదిలో కుదురుకొనేవి. పగిలిన ఇటుకలను సైతం మెత్తగా దంచి, సుర్ఖీ అనే పేరుతో సున్నంలో కలిపి గచ్చు చేసేవారు. ఆ విధంగా ఒక ఇల్లు అంతరిస్తే అది మరొక ఇంటిలో భాగమై జీవించేది.

కాంక్రీటు యుగం వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారింది. 1824లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు హక్కు పొందాడు. ఆ తరువాత రెండు శతాబ్దాలలో మానవుడు నీటి తరువాత అత్యధికంగా వాడే పదార్థంగా కాంక్రీటు రూపొందింది. కాంక్రీటు కట్టడం కూలితే అది మట్టిలో కలవదు. దానిని విడదీసి తిరిగి సిమెంటు, ఇసుక, కంకరగా మార్చడమూ సులభం కాదు. 2022 ఆగస్టు 28న ఢిల్లీ సమీపంలోని నోయిడాలో, న్యాయస్థానపు ఆదేశం మేరకు, సుమారు నూరు మీటర్ల ఎత్తు గల జంట భవనాలను పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. కొన్ని సెకన్లలో అవి నేలమట్టమయ్యాయి. మిగిలిన శిథిలాల బరువు సుమారు 80,000 టన్నులని అంచనా. కూల్చడానికి క్షణాలు చాలాయి కాని, శిథిలాలను తొలగించడానికి నెలలు పట్టింది.

ఒకవైపు శిథిలాల గుట్టలు పెరుగుతుండగా మరొకవైపు గుట్టలే కరిగిపోతున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వినియోగమవుతున్నాయి. హైదరాబాదు పరిసరాలలోని గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. అంతటి ప్రాచీన శిలను పగులగొట్టి కంకర చేయడానికి క్రషరుకు కొద్ది నిమిషాలు చాలు. నదిలో ఇసుకను తోడివేస్తే భూగర్భజలం అడుగంటుతుంది. శిథిలాలను చెరువులలో, నాలాలలో పారబోస్తే వాననీటికి దారి మూసుకుపోతుంది. ఈ రెండు సమస్యలకు ఒకే పరిష్కారంగా ముందుకు వచ్చినదే పునర్వినియోగ కంకర.

పూర్వ చరిత్ర

ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రాచీన రోమనులు పగిలిన ఇటుకలను, పెంకులను కాంక్రీటులో వాడేవారు. రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసేనాటికి జర్మనీలోని నగరాలు శిథిలాల దిబ్బలుగా మారాయి. పురుషులలో అనేకులు యుద్ధంలో మరణించగా, మరికొందరు బందీలుగా ఉండగా, స్త్రీలు వరుసలు కట్టి నిలబడి, ఇటుకలను చేతులు మార్చుకొంటూ, వాటికి అంటిన సున్నాన్ని గీకి శుభ్రపరిచారు. వారిని జర్మనులు 'శిథిలాల స్త్రీలు' అనే అర్థం వచ్చే పేరుతో నేటికీ స్మరిస్తారు. పగిలిన ఇటుకలను యంత్రాలతో నలగగొట్టి కొత్త ఇళ్ల కాంక్రీటులో కంకరగా వాడారు. ఇంకా మిగిలిన శిథిలాలను పోగుపెట్టగా బెర్లిన్ నగరంలో ఒక కొండయే వెలసింది.

మన దేశంలో 2009లో ఢిల్లీలోని బురారీ వద్ద భవన శిథిలాలను శుద్ధిచేసే కేంద్రం ఏర్పడింది. 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలకు ప్రత్యేక నియమావళిని ప్రకటించింది. 2025లో దాని స్థానంలో మరొక నియమావళిని వెలువరించింది. హైదరాబాదు నగరంలో 2020లో జీడిమెట్ల వద్ద రోజుకు 500 టన్నుల శిథిలాలను శుద్ధిచేయగల కేంద్రం ప్రారంభమైంది. ఆ తరువాత ఫతుల్లగూడలో మరొకటి వచ్చింది. ఇటువంటి కేంద్రాలలో శిథిలాల నుండి ఇనుము, కొయ్య, ప్లాస్టిక్కు వంటి వాటిని వేరుచేస్తారు. మిగిలినదానిని నలగగొట్టి, జల్లెడ పట్టి, కడిగి, ఇసుకగా, కంకరగా విభజిస్తారు.

వాసన వదలని రాయి

కాంక్రీటు ఘనపరిమాణంలో సుమారు 60 నుండి 75 శాతం వరకు కంకర, ఇసుకలే ఉంటాయి. సిమెంటు, నీరు కలిసి గట్టిపడి వాటిని ఒకటిగా బంధిస్తాయి. క్వారీ నుండి వచ్చిన కొత్త కంకర ముక్క కేవలం రాయి. పునర్వినియోగ కంకర ముక్క అలా కాదు. దానిలో ఒక భాగం పాత రాయి. దానిని అంటిపెట్టుకొని పాత సిమెంటు, ఇసుకల మిశ్రమం ఉంటుంది. మేస్త్రీలు దీనినే 'మాలు' అంటారు. నలగగొట్టినా, కడిగినా ఈ పాత మాలు పూర్తిగా వదలదు.

జీవుడు కొత్త జన్మ ఎత్తినా పూర్వజన్మ వాసనలు విడువవని మన పూర్వులు విశ్వసించారు. జీవుని విషయం ఎలా ఉన్నా, ఈ కంకర విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా సరిపోతుంది. పాత కట్టడంలో పీల్చుకొన్న ఉప్పు, జిప్సం, చెమ్మ, పగుళ్లు అన్నీ మాలుతోపాటు కొత్త కట్టడంలోకి ప్రవేశిస్తాయి.

పాత మాలులో కంటికి కనబడని సన్నని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. మంచి గ్రానైటు కంకర తన బరువులో ఒక శాతం అటూఇటూ నీటిని మాత్రమే పీలుస్తుంది. పునర్వినియోగ కంకర సాధారణంగా 3 నుండి 8 శాతం వరకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువగా పీలుస్తుంది. అంతేకాక కాంక్రీటులో రాయికి, దాని చుట్టూ ఉన్న సిమెంటుకు నడుమ గల సన్నని పొర బలహీనమైనది. సాధారణ కాంక్రీటులో కంకర ముక్క చుట్టూ అటువంటి పొర ఒకటే ఉంటుంది. పునర్వినియోగ కాంక్రీటులో రెండు ఉంటాయి. పాత రాయికీ పాత మాలుకూ నడుమ ఒకటి, పాత మాలుకూ కొత్త సిమెంటుకూ నడుమ మరొకటి. గాలికి, నీటికి, లవణాలకు ఇవి ప్రవేశమార్గాలవుతాయి.

బలం వేరు, మన్నిక వేరు

కాంక్రీటు పోసిన 28 దినాలకు దాని నమూనా దిమ్మెలను యంత్రంలో నొక్కి ఎంత బరువుకు పగులుతాయో పరీక్షిస్తారు. ఇది బలానికి పరీక్ష. కంకరలో 30 శాతం వరకు పునర్వినియోగ కంకరను కలిపినా ఈ పరీక్షలో పెద్ద తేడా కనబడదని అనేక పరిశోధనలు తెలిపాయి. అంతటితో సంతృప్తి చెందితే పొరపాటే. ఎందుకంటే కట్టడం నిలవవలసినది 28 దినాలు కాదు. యాభై, అరవై సంవత్సరాలు.

తెలుగులో 'మను' అంటే జీవించడం. 'మన్నిక' అనే మాటలోనూ ఆ జీవించే గుణమే ధ్వనిస్తుంది. ఎండకు, వానకు, ఉప్పుగాలికి, భూజలానికి తట్టుకొని ఏళ్ల తరబడి జీవించగలగడమే మన్నిక. బలహీనమైన స్తంభం పరీక్షలోనే దొరికిపోతుంది. మన్నికలేని స్తంభం పరీక్షలో నెగ్గి, కుటుంబం కాపురం పెట్టిన ఇరవై ఏళ్లకు మోసం చేస్తుంది. పైకప్పు పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటపడిన ఇళ్లను, పాఠశాలలను మనం చూస్తూనే ఉంటాం. అవి ఒక్క రాత్రిలో పాడైనవి కావు. వాటి లోపల ఏళ్ల తరబడి సాగిన రసాయనిక చర్యల ఫలితమే ఆ పెచ్చులు.

గాలితో వచ్చే క్షీణత

సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం సిలికేటు హైడ్రేటు అనే బంధక పదార్థంతోపాటు కాల్షియం హైడ్రాక్సైడు ఏర్పడుతుంది. ఇది క్షారం. ఇందువల్ల మంచి కాంక్రీటు రంధ్రాలలోని నీటికి పి.హెచ్. విలువ 12.5 కంటె ఎక్కువగా ఉంటుంది. ఇంతటి క్షారగుణం ఉన్నచోట ఇనుము మీద అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడి దానిని కవచంవలె కాపాడుతుంది. కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

గాలిలోని కార్బన్ డయాక్సైడు రంధ్రాల గుండా లోపలికి చొచ్చుకుపోయి, తేమ సహాయంతో కాల్షియం హైడ్రాక్సైడును కాల్షియం కార్బొనేటుగా మారుస్తుంది. దీనికి కార్బనీకరణం అని పేరు. సున్నపుతేటలోనికి గొట్టంతో గాలి ఊదితే అది పాలవలె తెల్లబడడం విద్యార్థులు ప్రయోగశాలలో చూసినదే. ఇక్కడ జరిగేదీ అదే చర్య. మన పాత కోటలలో, దేవాలయాలలో వాడిన సున్నం ఈ చర్య వల్లనే ఏళ్లు గడిచేకొద్దీ రాయిలా గట్టిపడింది. ఇనుము లేని ఆ గోడలకు అది వరం. ఇనుము దాగి ఉన్న కాంక్రీటుకు అదే శాపం. కార్బనీకరణం జరిగినచోట పి.హెచ్. విలువ 9 కంటె తక్కువకు పడిపోతుంది. ఇనుము మీది కవచం కరిగిపోతుంది. తేమ, ఆక్సిజను సోకగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు అది పుట్టిన ఇనుము కంటె రెండు నుండి ఆరు రెట్లు చోటును ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది.

కార్బనీకరణం ఎంత లోతుకు చేరిందో తెలుసుకొనే పద్ధతి సులభమైనది. కాంక్రీటును పగులగొట్టి, తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణాన్ని చిలకరిస్తారు. క్షారగుణం మిగిలి ఉన్నచోట ముదురు గులాబి రంగు వస్తుంది. క్షారగుణం నశించినచోట రంగు రాదు.

ఈ లోతు సాధారణంగా కాలం యొక్క వర్గమూలానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు, ఒక కాంక్రీటులో 4 సంవత్సరాలలో 10 మిల్లీమీటర్ల లోతుకు కార్బనీకరణం జరిగిందనుకొందాం. 20 మిల్లీమీటర్ల లోతున ఉన్న చువ్వను అది తాకడానికి 16 సంవత్సరాలు పడుతుంది. రంధ్రాలు ఎక్కువై కార్బనీకరణ గుణకం ఒకటిన్నర రెట్లు అయితే, అదే చువ్వను తాకడానికి దాదాపు 7 సంవత్సరాలు చాలు. గుణకంలోని చిన్న పెరుగుదల కట్టడం ఆయుర్దాయంలో ఎంతటి కోత విధిస్తుందో ఈ లెక్క తెలుపుతున్నది. రంధ్రాలు ఎక్కువగా గల పునర్వినియోగ కంకరతో జాగ్రత్త ఎందుకు అవసరమో కూడా దీనివల్ల బోధపడుతుంది.

రాయితో వచ్చే క్షీణత

కార్బన్ డయాక్సైడు బయటి నుండి వచ్చే శత్రువు. పునర్వినియోగ కంకరలో లోపలి నుండి పుట్టే శత్రువులు మరి మూడు ఉన్నాయి.

మొదటిది క్లోరైడు. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో సముద్రపు గాలి ఉప్పును మోసుకొని వస్తుంది. ఏళ్ల తరబడి ఆ ఉప్పును పీల్చిన కాంక్రీటును కూల్చి కంకర చేస్తే, ఆ ఉప్పు కొత్త కాంక్రీటులోకి చేరుతుంది. పి.హెచ్. విలువ తగ్గకపోయినా ఇనుము కవచాన్ని అక్కడక్కడ ఛేదించి, గుంటలు పడేటట్లు తుప్పు పట్టించడం క్లోరైడు లక్షణం. కంకరను నీటితో బాగా కడిగితే విడిగా ఉన్న ఉప్పు చాలవరకు పోతుంది. సిమెంటుతో రసాయనికంగా బంధింపబడిన భాగం మిగిలిపోతుంది.

రెండవది సల్ఫేటు. గోడల పూతలకు, గదుల లోకప్పులకు నేడు జిప్సం విరివిగా వాడుతున్నారు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటే. కూల్చేటప్పుడు దానిని వేరుచేయకపోతే అది కంకరలో కలిసిపోతుంది. ఆ సల్ఫేటు సిమెంటులోని అల్యూమినేటుతో చర్య జరిపి ఎట్రింజైటు అనే స్ఫటికాలను ఏర్పరుస్తుంది. గట్టిపడిన కాంక్రీటులో ఆ స్ఫటికాలు పెరగడానికి చోటు ఉండదు. అవి చోటు చేసుకొనే ప్రయత్నంలో కాంక్రీటు లోపలి నుండి వ్యాకోచించి పగులుతుంది.

మూడవది సిలికా. కొన్ని రకాల రాళ్లలోని సిలికా సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి జిగురువంటి పదార్థంగా మారుతుంది. అది నీటిని పీల్చి ఉబ్బుతుంది. కాంక్రీటు మీద గూడు అల్లినట్లు పగుళ్లు ఏర్పడతాయి. 1940లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన థామస్ స్టాంటన్ ఈ చర్యను తొలిసారి స్పష్టంగా వివరించాడు. మన దేశంలో ఒడిశాలోని హీరాకుడ్ ఆనకట్టలో ఇటువంటి పగుళ్లను గుర్తించారు. ఈ స్వభావం గల రాయిని మళ్లీ నలగగొడితే కొత్త ముఖాలు బయటపడతాయి. కొత్త సిమెంటు కొత్త క్షారాన్ని అందిస్తుంది. ఆగిపోయిన చర్య మళ్లీ మొదలుకావచ్చు.

నివారణ మార్గాలు

వ్యాధికి కారణం తెలిస్తే మందు దొరుకుతుంది. ఈ విషయంలో తొలి చికిత్స కూల్చివేతలోనే ఆరంభం కావాలి. కట్టడాన్ని ఒక్కసారిగా నేలకూల్చక, ముందుగా జిప్సం పలకలను, కొయ్యను, గాజును, ప్లాస్టిక్కును విడదీసి, ఆ తరువాత కాంక్రీటును వేరుగా సేకరించాలి. తీరప్రాంతపు శిథిలాలను ఇతర శిథిలాలతో కలపరాదు. కంకరగా మార్చిన తరువాత క్లోరైడు, సల్ఫేటుల పరిమాణాన్ని పరీక్షించాలి.

రెండవ చికిత్స కాంక్రీటు కలపడంలో ఉన్నది. దాహంతో ఉన్న కంకరను నేరుగా వేస్తే అది సిమెంటుకు చెందవలసిన నీటిని తాగివేస్తుంది. అందువల్ల దానిని ముందుగా తడిపి ఉంచాలి. నీటిని రెండు దఫాలుగా పోసి కలిపే పద్ధతి కూడా ఉన్నది. మొదట సగం నీటితో కలిపినప్పుడు చిక్కని సిమెంటు గుజ్జు కంకర చుట్టూ పొరగా ఏర్పడి దాని రంధ్రాలను, పగుళ్లను పూడుస్తుంది. ఆ తరువాత మిగిలిన నీరు పోస్తారు.

మూడవ చికిత్స మరొక వ్యర్థంతో చేసేది. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ వద్ద గల థర్మల్ విద్యుత్కేంద్రాల నుండి బొగ్గు బూడిద వస్తుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం నుండి లోహమలం వస్తుంది. ఇవి సిమెంటుతో కలిసి కాల్షియం హైడ్రాక్సైడుతో చర్య జరిపి అదనపు బంధక పదార్థాన్ని ఇస్తాయి. రంధ్రాలు సన్నబడతాయి. క్లోరైడు ప్రవేశం మందగిస్తుంది. సిలికా చర్య అణగిపోతుంది. అయితే కాల్షియం హైడ్రాక్సైడు ఈ విధంగా ఖర్చయితే కార్బనీకరణాన్ని ఎదుర్కొనే నిల్వ తగ్గుతుంది. కనుక బూడిద వాడినచోట కాంక్రీటును ఎక్కువ దినాలు తడుపుతూ ఉండాలి. ఏ మందుకైనా పథ్యం తప్పదు కదా!

మరొక విచిత్రమైన మార్గం కూడా ఉన్నది. కంకరను కొత్త కాంక్రీటులో వేయడానికి ముందే మూసిన గదిలో ఉంచి కార్బన్ డయాక్సైడు వాయువును పట్టిస్తారు. పాత మాలులోని కాల్షియం హైడ్రాక్సైడు అప్పుడే కార్బొనేటుగా మారి రంధ్రాలను పూడుస్తుంది. కంకర గట్టిపడుతుంది, నీటిని తక్కువగా పీలుస్తుంది. ఇనుము ఉన్నచోట హాని చేసే వాయువే, ఇనుము లేనప్పుడు ముందుగా ప్రయోగిస్తే మేలు చేస్తున్నది.

తగిన చోటు

ఎంత శుద్ధిచేసినా పునర్వినియోగ కంకర అన్ని పనులకూ ఒకే విధంగా తగదు. ఇనుము లేని కాంక్రీటుకు కార్బనీకరణం వల్ల కలిగే హాని స్వల్పం. కనుక పునాదుల అడుగున పరిచే కాంక్రీటుకు, కాలిబాట దిమ్మెలకు, రోడ్ల అడుగు పొరలకు ఈ కంకర ఎంతో అనువైనది. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐ.ఎస్. 383 ప్రమాణం ఈ వివేకాన్నే పాటించింది. దాని ప్రకారం కాంక్రీటును నలగగొట్టగా వచ్చిన ముతక కంకరను, ఎం-15 కంటె తక్కువ శ్రేణికి చెందిన కాంక్రీటులో పూర్తిగా వాడవచ్చు. ఇనుము లేని సాధారణ కాంక్రీటులో 25 శాతం వరకు వాడవచ్చు. ఇనుము గల కాంక్రీటులో, ఎం-25 శ్రేణి వరకు మాత్రమే, 20 శాతం మించకుండా వాడవచ్చు. ఈ అంకెలు ఎవరి ఇష్టానుసారమో నిర్ణయించినవి కావు. పైన చెప్పిన రసాయనిక చర్యలను దృష్టిలో ఉంచుకొని గీసిన హద్దులవి.

హద్దులను పాటించడంలోనే అసలు చిక్కు ఉన్నది. ఇంటిలో కాపురముండే వారికి స్లాబులో ఏ కంకర పోశారో కనబడదు. పూత పూసి రంగు వేసిన తరువాత మంచి కంకరకూ చెడ్డ కంకరకూ తేడా తెలియదు. ఖర్చు తగ్గించుకోవడానికి పరీక్షించని శిథిలాలను కలిపినవారు ఫలితం వెల్లడయ్యేనాటికి అక్కడ ఉండరు. ఆ స్లాబు కింద నిద్రించేవారే ఉంటారు. కొన్ని కట్టడాలలో నాసిరకపు శిథిలాలను వాడి, 'పునర్వినియోగం' అన్న మాటకే చెడ్డపేరు తెస్తే, అంతిమంగా నష్టపోయేది నదులు, గుట్టలు కూడా.

కనుక ఒక కట్టడం కూలినప్పుడు దాని రాళ్లతోపాటు దాని చరిత్ర కూడా భద్రపరచబడాలి. అది ఎక్కడ నిలిచింది, ఏ గాలిని పీల్చింది, ఏ రాయితో కట్టబడింది అన్న విషయాలు తెలిసినప్పుడే ఆ శిథిలం విశ్వసనీయమైన కంకర అవుతుంది. మన పెద్దలు పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంటికి ఎత్తేముందు దానిని తట్టి చూసి, చెదలు పట్టిందేమో పరిశీలించి, బరువు మోసేచోట ఉంచాలా, పక్కన వసారాకు వాడాలా అని నిర్ణయించేవారు. నేటి ప్రయోగశాలలో చేసే పరీక్షలు ఆ తట్టి చూడడానికి శాస్త్రీయ రూపమే. శిథిలానికి పునర్జన్మ ఇవ్వడం మంచి పని. దాని పూర్వజన్మను తెలుసుకొని ఇవ్వడం బాధ్యత గల పని.

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు సమగ్ర సమాధానాలు రాయండి.
1. పునర్వినియోగ కంకరలో లోపలి నుండి క్షీణతకు కారణమయ్యే రసాయనిక చర్యలను వివరించండి.
2. 'బలం వేరు, మన్నిక వేరు' – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కార్బనీకరణం సున్నపు గోడలకు వరం, ఇనుము గల కాంక్రీటుకు శాపం ఎందుకయింది?
2. కాంక్రీటును రెండు దఫాలుగా నీరు పోసి కలపడం వల్ల ప్రయోజనమేమిటి?
3. ఫినాఫ్తలీన్ పరీక్ష ద్వారా ఏమి తెలుస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పగిలిన ఇటుకలను దంచి సున్నంలో కలిపే పొడిని ఏమంటారు?
2. సిలికా చర్యను తొలిసారి స్పష్టంగా వివరించినది ఎవరు?
3. జీడిమెట్లలో శిథిలాల శుద్ధి కేంద్రం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?